సెల్ఫీలో సంస్కృతి దట్టించే విధానం

డిజిటల్ కొలాజ్‌లో మీ బొమ్మ మీరే కట్టుకుని, అందులో మీ సంస్కృతి ఉట్టిపడాలని సంకల్పించారు. మంచిది. డిజైన్ కాలేజీవాళ్లు పోర్ట్‌ఫోలియో అడిగి ఉండొచ్చు. అమెరికాలో తెలుగు సంఘంవాళ్లు సావనీరులో ఒక పేజీ ఇస్తామని ఉండొచ్చు. ఊరికే ఇన్‌స్టాలో పెట్టి నాలుగు లైకులు ఏరుకుందామనీ ఉండొచ్చు. కారణం ఏదైనా పద్ధతి ఒకటే. చాలామంది చేసే తప్పేమిటంటే, ముందు అద్దంలో ముఖం చూసుకుంటారు, ఆ తర్వాత ఇంట్లో వస్తువులకేసి చూస్తారు. రెండూ వద్దు. ఇంట్లో ఉండేవి సామాన్లు. సంస్కృతి ఉండేది గూగుల్ ఇమేజెస్‌లో.

ఒక ఫోల్డరు తెరిచి దించుకోవడం మొదలుపెట్టండి. చార్మినార్ ఒకటి, కొండపల్లి ఎడ్లబండి ఒకటి, కలంకారీ నెమళ్లు ఒక జత, లేపాక్షి బసవన్న, కూచిపూడి భంగిమ, గోంగూర కట్ట, వీణ, ఆవకాయ జాడీ. జాడీ తప్పనిసరి. మీ ఇంట్లో ఆవకాయ ఇరవయ్యేళ్లుగా కొట్లో కొన్న సీసాలోంచే వస్తున్నా సరే, బొమ్మలో మటుకు జాడీయే ఉండాలి. వెనకాల ఖాళీగా ఉండే పీఎన్‌జీ బొమ్మలే తీసుకోండి. కొన్ని దొంగ పీఎన్‌జీలు ఉంటాయి, దించుకున్నాక బొమ్మ వెనకాల బూడిదరంగు గళ్లు అలాగే వచ్చేస్తాయి. వాటిని తుడిచే శ్రమ పెట్టుకోకండి. పోచంపల్లి ఇక్కత్ అని చెప్పుకోవచ్చు.

బతుకమ్మ సరైన బొమ్మ దొరక్కపోతే ఓనం పూలముగ్గు వేసేయండి. అదీ పూలే, ఇదీ పూలే, రెండూ గుండ్రమే. బతుకమ్మ నేలమీద పరిచేది కాదని, తంగేడు, గునుగు వరసమీద వరసగా తాంబాళంలో పైకి పేర్చేదని, తెల్లటి గునుక్కి రంగులద్దుతారని, కొసన పసుపు గౌరమ్మ కూర్చుంటుందని కామెంట్లలో ఎవరో ఒకరు గొణుగుతారు. అలాంటివాళ్ల కోసమే బ్లాక్ బటన్ ఇచ్చారు.

ఇక ముఖం. కాన్వాసులో ముప్పాతిక వంతు అదే ఆక్రమించాలి. ఇక్కడ మిమ్మల్ని తప్పుదారి పట్టించే ఉదాహరణ ఒకటి ఉంది, ముందే హెచ్చరిస్తున్నా. హన్నా హోఖ్ అని బెర్లిన్ డాడా కళాకారుల్లో ఒకావిడ. పగలు ఉల్‌స్టైన్ ప్రచురణ సంస్థలో ఆడవాళ్ల పత్రికలకి అల్లికల, కుట్టుపనుల నమూనాలు గీసేది. అదే సంస్థ పత్రికల్ని కత్తిరించి, 1919లో దాదాపు నాలుగడుగుల ఎత్తు కొలాజ్ ఒకటి చేసింది. వంటింటి కత్తి పేరు పెట్టిన ఆ బొమ్మలో పేరున్నవాళ్ల తలలు నాట్యకత్తెల ఒళ్లమీద ఉంటాయి, చక్రాలు, బేరింగులు, గుంపులు గుంపులుగా జనం ఉంటారు. అంతా వెతికితే కిందకి, కుడివైపు మూలన, ఆడవాళ్లకి ఓటుహక్కు ఎక్కడెక్కడ ఉందో చూపించే యూరప్ పటం ముక్క దగ్గర, తన తల కనిపిస్తుంది. తపాలా బిళ్లంత. జర్మనీ ఆడవాళ్లు మొదటిసారి ఓటేసింది ఆ ఏడాది జనవరిలోనే. అంటే, తాను ఎవరి మధ్యన బతుకుతోందో అంతా చూపించి, తాను ఎక్కడ నిలబడిందో చిన్నగా చూపించి ఊరుకుంది. కళాచరిత్రలో చోటు దొరికింది, నిజమే. రీచ్ మాత్రం రాదు.

ముఖం తెల్లబరచడం మరిచిపోకండి. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో సిగ్గుపడి పేరు మార్చుకుంది గానీ మీ ఫోనులో బ్యూటీ స్లైడరుకి అలాంటి మొహమాటాలేమీ లేవు.

ఇప్పుడు అసలు సరుక్కి వద్దాం. ప్రతి అస్తిత్వ కొలాజ్‌కీ ఒక అమ్మమ్మ కావాలి. నానమ్మయినా పనికొస్తుంది. ఆవిడ విడిగా దిగిన ఫొటో ఉండదు, ఆ రోజుల్లో ఆడవాళ్లు విడిగా ఫొటో దిగితే అది పెళ్లిచూపులకి. కాబట్టి బీరువా పైఅరలోంచి పెళ్లినాటి గ్రూపు ఫొటో దించాలి. మందపాటి అట్టమీద అంటించి ఉంటుంది, మూలన స్టూడియో పేరు ఉబ్బెత్తుగా అచ్చుగుద్ది ఉంటుంది. మధ్యవరస పెద్దలు మడత కుర్చీల్లో, వెనక మగవాళ్లు, పెళ్లికావాల్సిన పిల్లలు, ముందు జంపఖానామీద గోచిపాత రాయుళ్లు. ఒకాయన ముంజేతిని కాస్త ముందుకి తిప్పి పెట్టుకుని ఉంటాడు, కొత్త వాచీ కనబడాలని. ఒకావిడ ఒళ్లో పిల్లాడికి బదులు ట్రాన్సిస్టర్ ఉంటుంది. ఒక పిల్లాడు కదలడంవల్ల వాడికి ముఖం లేదు, పొగ ఉంది.

దీన్ని అట్టమీంచి తీయకండి, స్కానరుదాకా మోయకండి. గోడకి తగిలించి ట్యూబులైటు కింద ఫోనుతో ఒకటి లాగండి. ఫొటోమీద తళుక్కుమన్న గీతని మీ స్టేట్‌మెంటులో జ్ఞాపకపు మెరుపు అనుకోవచ్చు. అట్ట వెనక తిప్పి చూడొద్దు. అక్కడ సిరాతో, నిలుచున్నవారు ఎడమనుంచి కుడికి అని మొదలుపెట్టి పేర్లన్నీ రాసి ఉంటాయి. పేర్లు తెలిస్తే కత్తిరించే చెయ్యి వణుకుతుంది.

అమ్మమ్మ చుట్టూ గీత గీసి, తక్కినవాళ్లని డిలీట్ కొట్టండి. ఆవిడ భుజంమీద వెనకనుంచి ఎవరో పెట్టిన చెయ్యి ఒకటి మిగిలిపోతుంది, వేళ్లూ రెండు గాజులూ. దాన్ని తుడవాలంటే చీర మడతలు చెడతాయి, కాబట్టి దానిమీద కలంకారీ నెమలిని కూర్చోబెట్టండి.

వాచీలు, ట్రాన్సిస్టర్లు మాత్రం కనబడకూడదు. ఈ విషయంలో మీకు గొప్ప గురువున్నాడు. ఎడ్వర్డ్ కర్టిస్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరు ఆదివాసీ జాతుల మీద 1907 నుంచి 1930 దాకా ఇరవై సంపుటాలు వేశాడు. 1910లో పీగన్ తెగవాళ్ల గుడారంలో తండ్రీకొడుకుల్ని ఫొటో తీశాడు. ఇద్దరి మధ్యా నేలమీద అలారం గడియారం ఒకటుంది. అచ్చులో చూడండి, ఉండదు. గడియారం ఉంటే వాళ్లు కూడా అదే 1910లో బతుకుతున్నారని చూసేవాళ్లకి తెలిసిపోతుంది, అది ఇబ్బంది. ఆయనకి చేత్తో దిద్దించాల్సి వచ్చింది. మీకు ఒక్క బ్రష్షు, ఒక్క క్లిక్కు. అమ్మమ్మ వెనక క్యాలెండరు తీసేయండి, ఉషా కుట్టుమిషను తీసేయండి, గోడమీద ఎన్నికల గుర్తు తీసేయండి. ఆవిడ కుట్టుమిషనుతో ముగ్గురు పిల్లల్ని చదివించిందన్న మాట వాస్తవమే కావొచ్చు, కానీ మిషనుకి మూలాల వాసన రాదు. ఆ స్థానంలో తిరగలి పెట్టండి.

ఇలా ఒకచోటి మనిషిని కత్తిరించి వేరేచోట అతికించడం మీరే కనిపెట్టారని అందరికీ చెప్పండి. రాజస్థాన్‌లో నాథద్వారా చిత్రకారులు శ్రీనాథ్‌జీ ముందు మొక్కుతున్న భక్తుల బొమ్మలు వేస్తూ ఒళ్లంతా రంగులతో చిత్రించి, ముఖం దగ్గర ఫొటో కత్తిరించి అతికించేవాళ్లని ఎవరికీ గుర్తు చేయొద్దు. అంతదూరం ఎందుకు, మీ హాల్లో దండేసి ఉన్న తాతయ్యని చూడండి. బతికుండగా చొక్కా గుండీలు కూడా పెట్టుకోని మనిషి. పోయాక పెద్దకర్మ నాటికి ఫొటో కావాలంటే ఓటరు కార్డులో తల తప్ప ఇంకేం దొరకలేదు. ఊళ్లో స్టూడియో అతను ఆ తలకి కోటు తొడిగి, టై కట్టి, వెనక నీలిరంగు తెర వేసి, సాయంత్రానికల్లా లామినేషన్ చేసి ఇచ్చాడు. ఆ కోటు జిల్లాలో ఎంతమంది తాతలకి సరిపోయిందో. మీ ఇంట్లో మొదటి డిజిటల్ కొలాజ్ అదే. కానీ దాన్ని ఉదహరిస్తే మీ పనికి కొత్తదనం పోతుంది, దాని జోలికెళ్లకండి.

బొమ్మకి అంచు కావాలి. చేర్యాల నకాషీ పటాల్లోంచి ఎర్రటి నేల ఉన్న ఏ ముక్కనైనా కోసుకోండి. ఖాదీగుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి ఆ పటాల్ని మూరలకొద్దీ గీసేది గోడకి వేలాడదీయడానికి కాదు. కథ చెప్పేవాళ్లు ఊరూరా తిరిగి, పటం విప్పుతూ ఒక్కో కులానికి ఆ కులపురాణం పాడతారు. పద్మశాలీలకి కూనపులివాళ్లు, ముదిరాజులకి కాకిపడగలవాళ్లు, గౌడులకి గౌడజెట్టివాళ్లు. మాదిగలకి డక్కలివాళ్లు జాంబపురాణం చెబుతారు. మీరు కోసిన ముక్క ఎవరి పురాణంలోదని వాకబు చేయకండి. చేస్తే, మరి నీ పురాణం ఏదోయ్ అని ఎదురుప్రశ్న వస్తుంది, అక్కడనుంచి సంభాషణ కళమీద నిలబడదు.

సంస్కృతి అన్న మాటలో ఉన్న సుఖమే అది, కులం పేరెత్తకుండా కులం చూపించొచ్చు. మీ తాత వీణ వాయించాడా, కింద మా ఇంటి సంగీతం అని రాయకండి, తెలుగువారి సంగీతం అని రాయండి. మీ తాత డప్పు వాయించాడా, ఫోల్డరులో ఆ డప్పు ఫొటో ఉంటే బయటికి తీసి వీణ పెట్టండి. వల, మోకు, సాన, కుమ్మరి సారె, ఏవి ఉన్నా తీసేయొచ్చు. మరీ మనసొప్పకపోతే డప్పుని నలుపు తెలుపులో, మసకగా, మూలన వేసి జానపదం అనండి. ఎవరికీ అభ్యంతరం ఉండదు. అభ్యంతరం లేకుండా ఉండటమే కదా మనకి కావలసింది.

హైదరాబాద్ రాజ్యంలో చదువుకున్న తాతల మనవలకి ఇంకో జాగ్రత్త. పెట్టెలో పాత కాగితాలు తీస్తే బడి సర్టిఫికెట్టూ, పొలం పట్టా ఉర్దూలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, కచేరీలో ఉర్దూ నడిచిన కాలం అది. కొలాజ్‌లో ఉర్దూ కాగితం పెడితే మీరెవరో చూసేవాడికి అయోమయం. కాగితం మీద అ ఆ ఇ ఈ అతికించి కప్పేయండి.

ప్రవాసులకి మరీ సులువైన చిట్కా ఉంది. ముఖాన్ని ముక్కుదగ్గర నిలువునా రెండుగా చీల్చండి. ఎడమ సగం బొట్టు, జడ, జుంకా. కుడి సగం టోపీ, ఇయర్‌బడ్, వెనక న్యూయార్క్ మేడలు. రెండు ప్రపంచాల నడుమ నేను అని పేరు పెట్టండి. ఈ బొమ్మ ఇప్పటికే వేలమంది చేసి ఉంటారు కాబట్టి చూసేవాళ్లకి అర్థం కాదన్న బెంగ లేదు. మీ నాన్న కరీంనగర్‌లో పుట్టి, భివండి మరమగ్గాల మధ్య పెరిగి, ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరాఠీ మాట్లాడి, దుబాయ్‌లో పదేళ్లుండి డాలస్ చేరాడా? ముఖానికి అన్ని సగాలుండవు. భివండీ దుబాయ్ వదిలేయండి.

అనూ పాలకున్నత్తు మాథ్యూ చేసిన పని లాంటివి చూసి పాడవకండి. అమెరికాలో ఉంటున్న భారతీయ మూలాల కళాకారిణి. ఇండియన్ అంటే ఏ ఇండియన్ అని అక్కడివాళ్లు అడిగే ప్రశ్ననే పట్టుకుని, కర్టిస్‌లాంటివాళ్లు తీసిన ఆదివాసీల పాత ఫొటోల పక్కన తానే అదే కూర్పుతో, అదే భంగిమలో, చీరలోనో ఇంకో వేషంలోనో ఫొటో దిగింది. పక్కపక్కన పెడితే కెమెరా ఎవరిది, కూర్చోబెట్టింది ఎవరు అన్న అనుమానం చూసేవాడికి మొదలవుతుంది. ముఖం చీల్చకుండానే ఇంత గొడవ. కళాకారుడు వివాన్ సుందరం కూడా ఇలాంటి మనిషే. ఆయన తాత ఉమ్రావ్ సింగ్ షేర్‌గిల్ పంజాబీ, అమ్మమ్మ హంగేరీ ఆవిడ, పెద్దమ్మ చిత్రకారిణి అమృతా షేర్‌గిల్. తాత దశాబ్దాలపాటు తననీ ఇంటివాళ్లనీ ఫొటోలు తీసి పెట్టాడు. 2001, 2002 ప్రాంతంలో మనవడు కంప్యూటరు ముందు కూర్చుని, ఎన్నడూ ఒకచోట ఆ వయసుల్లో నిలబడనివాళ్లని ఒకే గదిలోకి, ఒకే అద్దంలోకి తెచ్చాడు. అతుకు ఎక్కడుందో వెతికితే దొరకదు, ఇంటి గుట్టు మాత్రం దొరుకుతుంది. బంధువులున్నవాళ్లు చేసే పని కాదు.

మీరు చేస్తున్నదానికీ ఫ్లెక్సీకీ పోలిక ఉందని ఎవరన్నా అంటే కోపం తెచ్చుకోండి. కూడలిలో పుట్టినరోజు ఫ్లెక్సీ మీరూ చూస్తూనే ఉంటారు. మధ్యలో తెల్లచొక్కాలో అన్న నమస్కారం పెడుతూ, వెనక పులి. పైన వరసగా నాయకుల తలలు, హోదాని బట్టి సైజు. కింద బిళ్లంత తలలు, ఒక్కోదాని కింద అను ఫాంట్లలో పేరు. రాత్రి పదింటికి డీటీపీ షాపులో కుర్రాడు రెడీమేడ్ పీఎస్‌డీ తెరిచి కూర్చుంటే, వెనక నలుగురు నిలబడి, నన్ను చివర్న వేశావేంటన్నా అని ఒకడు, వాడి తల నాకన్నా పెద్దదెందుకైందని ఇంకొకడు. పార్టీ మారితే పైవరస లేయరు మారుతుంది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలమీద నిషేధం ప్రకటించింది, తలల వరస మాత్రం వాట్సాప్ స్టేటస్‌లోకి కూడా భేషుగ్గా ఎక్కింది. అదీ డిజిటల్ కొలాజే, తన బొమ్మ తానే చేయించుకున్నదే. తేడా ఒక్కటే. అతగాడు ఎవరి నీడన బతుకుతున్నాడో, ఎవరు తన వెంట తిరుగుతారో దాచడు. మీ కొలాజ్‌లో మీ ఫీజు కట్టినవాళ్ల తల ఒక్కటీ ఉండదు, అందుకే అది కళ.

ఇంత ఓపిక లేనివాళ్లు ఏఐకి అప్పగించొచ్చు. 2025 సెప్టెంబరులో జెమినై సెల్ఫీలన్నిటికీ చీర కట్టినప్పుడు చూశాంగా, పల్చటి షిఫాన్, చెవి పక్కన పువ్వు, గోడమీద సాయంకాలపు ఎండ. విజయవాడ అమ్మాయీ వరంగల్ అమ్మాయీ ఒకే పాత హిందీ సినిమాలోంచి నడిచొచ్చారు. మీ అమ్మ చీర ఎలా కట్టేది, గోచీ పోసా, కుచ్చిళ్లు పెట్టా, కొంగు నడుముకి చెక్కుకునేదా అని అది మిమ్మల్ని ఒక్క ప్రశ్న అడగదు. అడగనివాళ్లతో పని తొందరగా అవుతుంది.

సాంకేతిక విషయాలు రెండు మాటల్లో. ఫొటోషాప్‌లో 1994 నుంచీ లేయర్లున్నాయి, ఒక్కో ముక్క విడివిడిగా ఉంటుంది, ఎప్పుడైనా కదపొచ్చు. అదే దాంతో వచ్చిన చిక్కు. కాబట్టి లేయర్లకి పేర్లు పెట్టకుండా, లేయర్ 47 కాపీ 3 అలాగే ఉంచి, అన్నిటినీ కలిపి ఒక్కటి చేసి, జేపెగ్‌గా దాచి, అసలు ఫైలు పారేయండి. రేపు అత్తయ్య వచ్చి ఆ గాజులు మా అమ్మవి కావురా అంటే దిద్దడానికి వీలుండకూడదు. అరచెయ్యంత ఫొటోని 1200 డీపీఐలో స్కాన్ చేస్తే నాలుగింతలు పెంచి అచ్చేసినా ముఖం చెక్కుచెదరదంటారు. మీరు వాట్సాప్‌లో వచ్చినదాన్నే పెంచండి. పగిలిన ముఖానికి విచ్ఛిన్న అస్తిత్వం అని పేరుంది, గ్యాలరీల్లో చెల్లుతుంది.

స్టేట్‌మెంటు కూడా రాయాలి. మూలాలు, వెతుకులాట, మౌనం, పొరలు, ఈ నాలుగు మాటలూ ఏ వరసలో పేర్చినా పేరా తయారవుతుంది. ఎక్కడా ఊరి పేరు రాకూడదు.

పోస్టు పెట్టిన రెండోనాడో మూడోనాడో ఫోను మోగుతుంది. పెద్దమ్మ. మనవడెవడో చూపించి ఉంటాడు. ‘ఏమ్మా, బొమ్మ బాగానే ఉంది గానీ, మీ అమ్మమ్మ భుజంమీద ఆ నెమలేంటి? అక్కడ నా చెయ్యి ఉండాలి. కుర్చీ వెనక నిలబడింది నేనే. మా చిన్నత్త పెళ్లది, గుడివాడలో తీశారు. ఆ రోజు అమ్మకి జ్వరం, కూర్చోలేకపోతుంటే పడిపోకుండా పట్టుకున్నా. ఆ పక్కన ట్రాన్సిస్టరు పెట్టుకున్నావిడ ఎవరనుకున్నావ్...’

ఇక్కడ చప్పున అడ్డుపడండి. అది నెగెటివ్ స్పేస్ పెద్దమ్మా, నీకు అర్థం కాదులే అని పెట్టేయండి. ట్రాన్సిస్టరు ఆవిడ ఎవరో, వాచీ ఆయన ఎవరో, పొగలా కదిలినవాడు ఇప్పుడెక్కడున్నాడో చెబుతూ పోతే ఆవిడకి గంట చాలదు. వినడం మొదలుపెట్టారంటే మళ్లీ బీరువా దగ్గరికెళ్లి, ఆ అట్ట దించి, వెనక్కి తిప్పి, మొత్తం మొదటినుంచి చేసుకోవాల్సి వస్తుంది.